చీటీ మీద రాసిన ప్రశ్న

రాయచూరు,
ఆగస్టు 11.

కాత్యాయని అక్కకు,

మీరు ఫోను ఎత్తరు. మెసేజి పెడితే రెండు రోజులకు "సరే" అని ఒక్క ముక్క వస్తుంది. ఉత్తరం రాస్తే మాత్రం నాలుగు పేజీల జవాబు వస్తుందని మూడేళ్ళుగా చూస్తున్నాను. అందుకే కాగితం ముందేసుకున్నాను. నాట్లు పూర్తయ్యాయా? గురుప్రసాద్ బావగారి మోకాలి నొప్పి తగ్గిందా?

అసలు సంగతి చెబుతాను. ఫిబ్రవరిలో మా విశ్వవిద్యాలయంలో నేల శాస్త్రవేత్తల సదస్సు జరుగుతుంది. దానికి కార్యదర్శిగా నన్ను వేశారు. వేసింది మా విభాగాధిపతి వెంకోబరావు గారు. "ఆడపిల్లవు, ఓపికుంటది. అందర్నీ కలుపుకొని పోతవు" అన్నారు. అది మెచ్చుకోలో, బరువు దించుకోవడమో నాకింకా అర్థం కాలేదు.

కిందటి సదస్సు మీరు చూడలేదు కదా. ప్రారంభోత్సవమే రెండున్నర గంటలు. వేదిక మీద పదకొండు కుర్చీలు, పదకొండు శాలువాలు. మూడేళ్ళు కష్టపడి పని చేసి వచ్చిన పిల్లలకు తలా ఎనిమిది నిమిషాలు. మా ఎమ్మెస్సీ అమ్మాయిలను పట్టుచీరలు కట్టించి పూలపళ్ళేలతో నిలబెట్టారు. వాళ్ళలో ఇద్దరు తమ పరిశోధన చెప్పాల్సిన వేళకు కూడా ఆ పళ్ళేలు పట్టుకునే ఉన్నారు. యరగేరలో మా నాయన లింగయ్య చేలో మట్టి తవ్వుకుపోయి ఇద్దరు డాక్టరేట్లు తెచ్చుకున్నారు. ఆయన ఇంతవరకు ఒక్క సదస్సు గుమ్మం ఎక్కలేదు. ఇవన్నీ ఈసారి మార్చాలని ఉంది.

అన్నిటికంటే ముందు నేను కోరేది ఒక్కటే. ప్రధాన ప్రసంగం మీరు చేయాలి. కాలువ చివరి చేలల్లో చౌడు ఎలా పెరిగింది, ఎలా తగ్గింది అని పద్దెనిమిదేళ్ళు కొలిచిన మనిషి ఈ జిల్లాలో మీరు తప్ప ఇంకెవరున్నారు? ఉద్యోగం మానేసిన తర్వాత కూడా మానకుండా కొలుస్తున్నారు. ఆ నోటుపుస్తకాలు మీ బీరువాలో ఉంటే ఎవరికి లాభం?

కాదనకండి. మీ ఇంట్లో రెండేళ్ళు అన్నం తిని ఎమ్మెస్సీ చదివిన చనువుతో అడుగుతున్నాను.

మీ బిందు


జవళగేర,
ఆగస్టు 20.

బిందూ,

నాట్లు నిన్నటితో అయ్యాయి. మీ బావగారి మోకాలు వానాకాలం వెళ్ళేదాకా మాట వినదు. నిన్ను కార్యదర్శిని చేశారంటే నాకు ఎంత సంతోషమేసిందో ఆయన్ని అడుగు. వీధిలో పోయే ఎరువుల దుకాణం వాడిని కూడా ఆపి చెప్పాను.

ప్రసంగం మాత్రం నా వల్ల కాదమ్మా. వేదికలంటే మోజు పోయింది. ఫిబ్రవరిలో రెండో పంటకు కలుపు పనులుంటాయి. నోటుపుస్తకాలన్నీ నీకు పంపిస్తాను. నువ్వే చెప్పు, నీ పేరుతోనే చెప్పు. నాకేం బాధ లేదు.

సదస్సును మార్చాలన్నావు కనుక నాకు తోచిన నాలుగు మాటలు. మాట్లాడేవాళ్ళు తెరవైపు తిరిగి మాట్లాడకూడదు, జనం వైపు చూసి మాట్లాడాలి. వాళ్ళ ముఖం మీద వెలుతురు పడాలి, హాలంతా చీకటి చేసేయకూడదు. ప్రశ్న అడిగేవాళ్ళు లేచి నిలబడి మైకు పట్టుకుని అడగాలి. వెనక నుంచి ఎవరో ఏదో అంటే ముందున్నవాళ్ళకు ఏం తెలుస్తుంది? మైకు నోటికి అడ్డం పెట్టుకోవద్దని చెప్పు. ముఖ్యమైన అంకెలు పెద్ద అక్షరాలతో తెరమీద ఉండాలి.

గోంగూర పచ్చడి సీసా డ్రైవరు జంబన్న బస్సులో పంపిస్తున్నాను. అతనికి నువ్వు తెలుసట. సీసా తిరిగి పంపకపోతే మళ్ళీ పంపను.

అక్క


రాయచూరు,
సెప్టెంబరు 30.

అక్కా,

పచ్చడి అయిపోయింది. సీసా కడిగి పెట్టాను.

కమిటీ సమావేశం జరిగింది. ప్రారంభోత్సవం అరగంటకు కుదించాలన్నాను. వెంకోబరావు గారు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. "నోడమ్మా, చూడు, ముప్పై ఏండ్ల సంది గిట్లనే నడుస్తున్నది. పెద్దోళ్ళు రాకుంటే పేపర్ల ఫోటో ఎట్ల వస్తది?" అన్నారు.

"ఫోటో కోసం అరగంట చాలు కద సార్" అన్నాను.

అందరూ ఆయన ముఖం చూశారు. ఆయన నా ముఖం చూశారు. చివరికి ముప్పావు గంటకు ఒప్పుకున్నారు. పూలపళ్ళేలు రద్దు. ధారవాడ నుంచి ఒకామె ఆరు నెలల పాపతో రావచ్చా అని రాసింది. "సదస్సా, అంగన్‌వాడీనా?" అని ఒకాయన నవ్వారు. హాలు పక్క గదిలో ఊయల కట్టిస్తానని, దాని బాధ్యత నాదని చెప్పాను. రైతులు తమ చేల గురించి తామే చెప్పాలన్నది చివరి మాట. దానికి మాత్రం పెద్ద గొడవే అయింది. మా ఊరి శరణమ్మను పిలుద్దామంటే ఆమెకు ఇంగ్లీషు రాదన్నారు. ఆ మాట ఆమెతో చెప్పాను. "ఇంగ్లీషుల మాట్లాడాల్నా? మా చేను ఇంగ్లీషుల పండుతదా ఏంది?" అంది. వెంకోబరావు గారికి అదే మాట వినిపించాను. నవ్వాపుకోలేక సంతకం పెట్టారు.

ఇక నోటుపుస్తకాల సంగతి. మీ పని నా పేరుతో చెప్పను. ఆ మాట మళ్ళీ రాయకండి.

ఒకటి అడగాలి. మొన్న ఆదివారం చెప్పకుండా వచ్చాను కదా. మీరు వంటింట్లో వీపు తిప్పి కూర్చుని చదువుకుంటున్నారు. మూడుసార్లు పిలిచాను. కుక్కరు కూత మీద కూత వేస్తోంది. మీరు కదల్లేదు. భుజం మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడి, "ఏదో ధ్యాసలో ఉన్నానే" అన్నారు. ఆ రోజు అడగలేకపోయాను. ఇంటికొచ్చి మీ ఆగస్టు ఉత్తరం మళ్ళీ చదివాను. వెలుతురు ముఖం మీద పడాలి, మైకు నోటికి అడ్డం పెట్టకూడదు, వెనక నుంచి మాట్లాడకూడదు.

అక్కా, మీకు ఎప్పటి నుంచి వినబడటం లేదు?

మీ బిందు


జవళగేర,
అక్టోబరు 12.

బిందూ,

నీ ఉత్తరం చదివి చింపేద్దామనుకున్నాను. నా ఇంట్లోకి వచ్చి, నా వెనక నిలబడి నన్ను పరీక్ష చేశావనిపించింది. నాలుగు రోజుల తర్వాత నువ్వు అడగడమే మంచిదనిపించింది. ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. మీ బావగారూ అడగరు, ఎదురుగా వచ్చి నిలబడి మాట్లాడతారు, అంతే.

ఎడమ చెవి ముందు పోయింది. కుడి చెవి తర్వాత, మెల్లగా. ఉద్యోగంలో ఉన్న రోజుల్లోనే. జుట్టు చాటున చెవి మిషను పెట్టుకున్నాను. ఇంట్లో ఒక్క మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడితే అది పనికొస్తుంది. పెద్ద హాల్లో ఫ్యాన్ల మోత, దగ్గులు, కుర్చీల చప్పుడు, మాట, అన్నీ ఒకే ఎత్తున మీద పడతాయి.

తొమ్మిదేళ్ళ కిందట బెంగళూరులో ఒక సదస్సు జరిగింది. నువ్వప్పుడు హైదరాబాదులో పీహెచ్‌డీ చేస్తున్నావు, నీకు తెలియదు. నా ప్రసంగం బాగానే జరిగింది. ప్రశ్నల సమయంలో వెనక వరసల నుంచి ఒకాయన మైకు లేకుండా ఏదో అడిగాడు. ఈ పని ఎన్ని "ఇయర్స్" నుంచి చేస్తున్నారని అడిగాడట. నాకు "ఏకర్స్" అని వినబడింది. నూట నలభై అని చెప్పాను.

హాలంతా నవ్వింది. ఎందుకు నవ్వుతున్నారో తెలియక నేనూ నవ్వాను. అధ్యక్ష స్థానంలో ఉన్నాయన ఏదో అన్నాడు, ఇంకా నవ్వారు. బయటికొచ్చాక టీ బల్ల దగ్గర ఒకావిడ, "పోనీలెండి, మనసులో పెట్టుకోకండి" అని జరిగింది చెప్పింది. ఆ ఏడాది తిరక్కుండా స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను. పొలం చూసుకోవాలని అందరికీ చెప్పాను. ఇప్పటిదాకా నీకు కూడా అదే చెప్పాను.

మట్టికి నాతో మాట్లాడే పని లేదు. అందుకే కొలుస్తూనే ఉన్నాను.

ఇక రమ్మని అడగవు కదూ?

అక్క


రాయచూరు,
అక్టోబరు 19.

కాత్యాయని మేడమ్ గారికి,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపాను.

నేను ఆ హాల్లో ఉన్నాను.

మా హాస్టలు నుంచి నలుగురం రైలెక్కి వచ్చాం. మీరు మాట్లాడుతున్నారని తెలిసి, చెప్పకుండా వచ్చి మిమ్మల్ని ఆశ్చర్యపరచాలనుకున్నాను. చివరి వరసలో చోటు దొరికింది. మీరు "నూట నలభై" అనగానే నా పక్కనున్నవాళ్ళు పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే మీ ముఖం చూశాను. మీరూ మాతోపాటు నవ్వుతున్నారు. ఏమీ తెలియని నవ్వు అది. ఏదో తప్పు జరిగిందని నాకప్పుడే తెలిసింది.

బయట టీ బల్ల దగ్గర మీరు నిలబడి ఉన్నారు. మీ దాకా వస్తే నేను లోపల ఉన్నానని తెలిసిపోతుంది. నా స్నేహితులు చూస్తున్నారు. పక్క తలుపులోంచి వెళ్ళిపోయాను.

మీరు ఉద్యోగం మానేశారని విన్నప్పుడు పొలం కోసమని అన్నారు. నమ్మాను. నమ్మడం నాకు సుఖంగా ఉండింది. ఈ సదస్సును మార్చాలని నేనెందుకు ఇంత పట్టుబట్టానో కమిటీలో ఎవరికీ తెలియదు. మీకు తెలియాలి.

క్షమించమని అడగడం లేదు. అడిగే హక్కు నాకు లేదు.

హిమబిందు


రాయచూరు,
నవంబరు 28.

మేడమ్ గారికి,

మీ నుంచి జవాబు లేదు. ఉండకపోవచ్చు కూడా. ఒక్క సంగతి తెలియజేయాలని రాస్తున్నాను.

హాల్లో మాట్లాడే ప్రతి మాటా అప్పటికప్పుడు అక్షరాల్లో తెరమీద పడే ఏర్పాటు చేస్తున్నాం. కంప్యూటరు దానంతట అది రాసే పద్ధతి చూశాం. శరణమ్మ మాటలకు అది "చౌడు" అన్న చోటల్లా "చూడు" అని రాసింది. అందుకని మాన్వి కోర్టులో స్టెనోగా పనిచేసి రిటైరైన పంపాపతి గారిని పట్టుకున్నాం. కన్నడం, తెలుగు, ఇంగ్లీషు మూడూ టైపు చేస్తారు. ఆయన పెట్టిన షరతు ఒక్కటే. "లాయర్లనే ఒకరి తర్వాత ఒకరు మాట్లాడేటట్టు చేసినోణ్ణి. మీ సైంటిస్టులు కూడ అట్లనే మాట్లాడాల."

మీరు రాకపోయినా ఈ ఏర్పాటు ఉంటుంది.

హిమబిందు


జవళగేర,
డిసెంబరు 15.

బిందూ,

మేడమ్ ఏమిటి, గారేమిటి? అదొక్కటి చదివే మీ బావగారు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

కోతల పనిలో పడి రాయలేదని చెబుదామనుకున్నాను. అది అబద్ధం. కోపం వచ్చి రాయలేదు. నవ్వినందుకు కాదు. నూట నలభై ఏళ్ళు అంటే నేనయినా నవ్వేదాన్ని. టీ బల్ల దగ్గరికి రానందుకు. ఆ రోజు నువ్వొక్కదానివి వచ్చి నా పక్కన కప్పు పట్టుకుని నిలబడి ఉంటే, నేను ఉద్యోగం మానేసేదాన్ని కాదేమో. ఈ మాట నీకు బాధ కలిగిస్తుంది. కలగాలనే రాస్తున్నాను. ఒక్కసారి రాసి ఊరుకుంటాను, మళ్ళీ ఎత్తను.

తర్వాత నా సంగతీ ఆలోచించాను. వినబడటం లేదు, మళ్ళీ చెప్పండి అనడానికి నాకు సిగ్గేసింది. ఆ ఒక్క మాట అని ఉంటే? అనలేదు. నీకు ఇరవై అయిదేళ్ళు, భయపడ్డావు. నాకు నలభై దాటాయి, నేనూ భయపడ్డాను.

మొన్న వడ్లు ఆరబోస్తుంటే మీ బావగారు ఎదురుగా వచ్చి నిలబడ్డారు. "రోజూ ఆ ఉత్తరం తీసి చూసుకుంటున్నావు. ఎందుకే అంత ఇదవ్వడం? వెళ్ళిరా. పొలం నేను చూసుకోనా ఏంటి?" అన్నారు.

వస్తాను. రెండు షరతులు. నేను వేదికెక్కను, జనం మధ్యలోనే కుర్చీ వేసుకుని మాట్లాడతాను. రెండోది, ప్రశ్నలన్నీ చీటీల మీద రాసివ్వాలి. నాకు మాత్రమే కాదు, మాట్లాడే ప్రతివాళ్ళకూ. "పాపం ఆవిడకు వినబడదు, ఆవిడకు మాత్రం రాసివ్వండి" అని ఎవరైనా మైకులో అన్నారంటే అక్కణ్ణించే బస్సెక్కుతాను. అందరికీ అయితే వస్తాను.

ఆ సీసా ఎక్కడ?

అక్క


రాయచూరు,
జనవరి 6.

అక్కా,

ఈ ఒక్క పదం రాయడానికి ఎంతసేపు పట్టిందో చెప్పను.

షరతులు రెండూ కమిటీలో పెట్టాను. మీ పేరు చెప్పలేదు. చీటీల మాటకు వెంకోబరావు గారు కుర్చీలో వెనక్కి వాలారు. "చీటీలా? స్కూల్ పిల్లలమా? లేచి అడిగే ధైర్యం లేనోళ్ళకు ప్రశ్నెందుకమ్మా?" అన్నారు.

"సార్, కిందటిసారి మొత్తం సదస్సుల ప్రశ్నలు అడిగినోళ్ళు పద్నాలుగు మంది. నేను వీడియో చూసి లెక్కబెట్టిన. మూడొందల మందిల పద్నాలుగు. అందర్ల మీరొక్కరే అయిదు అడిగిన్రు" అన్నాను.

ఆయన ముందున్న కాగితాన్ని చిన్న చీటీలా మడిచారు. తర్వాత, "నేను చీటీ రాస్తే నా పేరు రాయాల్నా?" అని అడిగారు. అవసరం లేదన్నాను. "అయితే సరే" అన్నారు.

సీసా నాతోనే ఉంది. మీరు వచ్చినప్పుడు నిండుగా ఇస్తాను, మా అమ్మ తులసమ్మ పెట్టిన నిమ్మకాయతో.

మీ బిందు


జవళగేర,
ఫిబ్రవరి 24.

బిందూ,

సదస్సు జరిగిన ఆ రెండు రోజులూ నువ్వు పరుగుల్లోనే ఉన్నావు, ఒక్క సమావేశమైనా కుదురుగా కూర్చుని చూశావో లేదో. నేను చూసింది నీకు చెబుతాను.

మొదటి రోజు శరణమ్మ మాట్లాడినప్పుడు తెర చూస్తూ కూర్చున్నాను. పంపాపతి గారి అక్షరాలు ఆమె మాట వెనకే పరుగెత్తాయి. "వాన పడ్డ మూడో నాటికి తెల్లగ పొక్కులొస్తయి, అడుగేస్తే కరకరమంటది" అంది. తొమ్మిదేళ్ళ తర్వాత ఒక సదస్సులో ఒక మాట కూడా పోకుండా నాకు చేరింది. పక్క గదిలోంచి ధారవాడ అమ్మాయి పాపను భుజాన వేసుకుని వచ్చి, నిలబడే తన పరిశోధన చెప్పింది. పాప ఏడ్చిందట. నాకేం తెలుసు? పంపాపతి గారు "పాప ఏడుపు" అని టైపు చేశాకే తెలిసింది. అందరితోపాటు నవ్వాను. ఈసారి ఎందుకో తెలిసి.

రెండో రోజు నా వంతు. జనం మధ్యలో వేసిన కుర్చీలో, తెరకు వీపు పెట్టి కూర్చున్నాను. అంకెలు చూపిస్తుంటే భయం పోయింది. జిప్సం వేసిన చేలల్లో పద్దెనిమిదేళ్ళలో చౌడు సగానికి తగ్గిందని చెప్పి ముగించాను. తర్వాత బుట్టలో చీటీలు వచ్చాయి, నలభై పైనే. శరణమ్మది ఎవరో రాసిపెట్టారు. ఒకటి అడ్డదిడ్డంగా వంకర అక్షరాలతో ఉంది, అది వెంకోబరావు గారి చేతిరాతని నువ్వన్నావు. మంచి ప్రశ్నే.

కింద ఒక నీలం సిరా చీటీ ఉంది. దాన్ని పైకి చదివాను. "కాలువ నుంచి రెండో పంటకు నీళ్ళు వదలని సంవత్సరాలు మూడున్నాయి. మీ చేలల్లో చౌడు బాగా తగ్గింది కూడా ఆ మూడేళ్ళలోనే. తగ్గించింది జిప్సమా, నీళ్ళు లేకపోవడమా? జిప్సం వేయని చేలు రెండే తీసుకున్నారు, రెండూ కాలువ ఎగువనే ఉన్నాయి. వాటితో పోల్చడం సరైనదేనా?"

బిందూ, పద్దెనిమిదేళ్ళలో ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. నన్ను నేను కూడా అడగలేదు. రైతులందరూ జిప్సం కావాలన్నారు, వద్దన్నవాళ్ళు ఎగువన దొరికారు, సరేననుకున్నాను. ఆ చీటీ చేతిలో పట్టుకుని లేచి నిలబడ్డాను. మూడొందల మంది చూస్తున్నారు. "దీనికి నా దగ్గర జవాబు లేదు. ఈ ప్రశ్న సరైనది. నేను ముగింపులో చెప్పింది మళ్ళీ పరీక్షించాలి" అన్నాను. నా మాటలు నా వెనక తెరమీద పడటం తిరిగి చూశాను. అక్షరాల్లో ఇంకా పెద్దవిగా కనిపించాయి.

ఎవరూ నవ్వలేదు. సిగ్గూ వేయలేదు. నా పనిని ఇంత శ్రద్ధగా చూసినవాళ్ళు ఒకరున్నారని కడుపు నిండింది.

ఆ నీలం సిరా ఎవరిది? పేరు లేదు. కనుక్కో.

అక్క


రాయచూరు,
మార్చి 4.

అక్కా,

కనుక్కున్నాను. కనుక్కోవడం ఏముంది, మా విభాగంలోనే ఉంది. పేరు రూప, ఎమ్మెస్సీ రెండో ఏడు. మాన్వి అమ్మాయి. నత్తి ఉంది. క్లాసులో హాజరు పిలిచినా చెయ్యెత్తుతుంది తప్ప పలకదు. మొద్దు అని అనుకునేవాళ్ళున్నారు. నేనూ ఆమెను పెద్దగా పట్టించుకోలేదని ఒప్పుకోవాలి.

పిలిచి అడిగితే భయపడింది. మీ ముగింపు తప్పని అన్నందుకు తిడతామనుకుంది. మీరు సంతోషించారని చెబితే కాగితం తీసుకుని రాసింది: "ఆరు సదస్సులకు వెళ్ళాను. ఇది నా మొదటి ప్రశ్న."

చీటీల పద్ధతి వచ్చే ఏడూ ఉండాలని వెంకోబరావు గారే మినిట్స్‌లో రాయించారు. ఊయల కూడా. శాలువాలు మాత్రం వదలనంటున్నారు. పోనీలే అన్నాను.

రూపను మీ దగ్గరికి పంపనా? ప్రాజెక్టుకు విషయం వెతుక్కుంటోంది.

మీ బిందు


జవళగేర,
మార్చి 30.

బిందూ,

రూప వచ్చి పన్నెండు రోజులయింది. మీ బావగారు ఆమెకు పెరుగు వేసి వేసి లావు చేసేలా ఉన్నారు.

మొదటి పూట ఇబ్బంది పడ్డాం. ఆమె మాట బయటికి రావడానికి సమయం పడుతుంది. నాకు పెదాలు చూసి మాట పట్టుకోవడానికి సమయం పడుతుంది. మధ్యాహ్నానికల్లా సర్దుకుంది. ఇద్దరిలో ఎవరికీ తొందర లేదు. పెదాలు కదులుతూ ఒకే అక్షరం దగ్గర ఆగిపోతే, అది ఏ అక్షరమో నాకు ముందే తెలిసిపోతుంది. అయినా నేను అందించను. తనే చెప్పాలి.

ఈ ఉదయం హనుమప్ప పొలంలో మట్టి తీశాం. కాలువ చివరి చేను, జిప్సం ఎన్నడూ వేయనిది. ఇన్నేళ్ళూ ఆయన దగ్గరికి నేను వెళ్ళలేదు, కన్నడంలో గబగబా మాట్లాడతాడు, అందదని. ఈసారి విని రాసి చూపించడానికి రూప ఉంది కనుక వెళ్ళాను. మూడో గుంట దగ్గర రూప వంగి చూసి ఏదో చెప్పబోయింది. మాట పడలేదు. హనుమప్ప పూరించబోయాడు. ఆగమని చెయ్యి చూపించాను. ఆయన గడ్డపార ఆనించుకుని నిలబడ్డాడు. ముగ్గురం ఎండలో అలాగే ఉన్నాం.

"నీ... నీళ్ళు... కింది నుంచి వస్తున్నాయి మేడమ్" అంది.

వంగి చూశాను. పైమట్టి ఎండి తెల్లబడి ఉంది. మూర లోతున గుంట గోడ తడిగా మెరుస్తోంది. కాలువ నీరు కింది నుంచి ఊరి ఉప్పును పైకి తెస్తోందన్నమాట, ఆ నీలం సిరా చీటీ అడిగింది ఇదే. అప్పుడు హనుమప్ప నెమ్మదిగా, నాకు పెదాలు కనబడేలా నా ముందుకు వచ్చి, "బేసిగెల, ఎండకాలంల కూడ ఇట్లనే ఉంటదమ్మా. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు" అన్నాడు.

రూప నోటుపుస్తకం తెరిచింది. గుంటను ఇంకో మూర లోతు తవ్వమని హనుమప్పకు చెప్పి, నేను కొలత టేపు విప్పాను.

అక్క